అడుగు దాకా గట్టిపడిందా? లైట్ క్యూర్ ఫిల్లింగులపై పాఠకుల ప్రశ్నలు

పన్ను రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగుల గురించి, వాటిని గట్టిపరిచే నీలం లైటు గురించి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. అడిగినవారిలో డాక్టర్లున్నారు, క్లినిక్ సహాయకులున్నారు, ఫిల్లింగు చేయించుకున్నవారూ ఉన్నారు. ఎవరి భాషలో వారికి చెప్పాం.

ప్రశ్న: దవడ పళ్లలో రెండు పళ్ల సందున నేను చేసిన కాంపోజిట్ ఫిల్లింగులు కొన్ని ఏడాది తిరక్కముందే చిగురు వైపు అంచు దగ్గర వదులై మళ్లీ పుచ్చుతున్నాయి. చేసిన రోజు ప్రోబుతో (సూదిమొన పరికరంతో) గుచ్చి చూస్తే పైన గట్టిగానే ఉంటున్నాయి. నా ఎల్ఈడీ లైటు డబ్బా మీద 1200 మిల్లీవాట్లు అని ఉంది. పొరకు 20 సెకన్లు వేస్తున్నాను. లోపం కాంపోజిట్‌దా, లైటుదా?
– ఒక దంతవైద్యుడు, కర్నూలు

జవాబు: ప్రోబు పైపొర సంగతే చెబుతుంది. సగం చచ్చిన లైటు కూడా పై అర మిల్లీమీటరును గట్టిపరచగలదు. మీకు దెబ్బ తగులుతున్నది బాక్సు (పళ్ల సందున చెక్కిన గుంత) అడుగున, అంటే లైటుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట. అందుకని డబ్బా మీది అంకెను కాసేపు పక్కనపెట్టి, ఆ అడుగుకు నిజంగా ఎంత వెలుతురు చేరుతోందో లెక్క వేద్దాం.

కాంపోజిట్‌లో గట్టిపడే పనిని మొదలుపెట్టేది చాలావరకు క్యాంఫర్‌క్వినోన్ అనే పసుపు పదార్థం. 468 నానోమీటర్ల దగ్గరి నీలం వెలుతురును అది అన్నిటికన్నా బాగా పీల్చుకుంటుంది. పక్కనే ఉన్న అమీన్ అనే సహాయ పదార్థంతో కలిసి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన కణాలను పుట్టిస్తుంది. అవి బిస్-జీఎంఏ, టెగ్‌డీఎంఏ, యూడీఎంఏ వంటి రెసిన్ అణువులను ఒకదానికొకటి ముడివేస్తాయి. అంతా సవ్యంగా జరిగినా కలవాల్సిన బంధాల్లో సుమారు 50 నుంచి 75 శాతమే కలుస్తాయి. వెలుతురు తక్కువైతే ఇంకా తగ్గుతుంది. అలాంటి రెసిన్ నీళ్లు పీలుస్తుంది, అరుగుతుంది, అంచు దగ్గర విడిపోతుంది.

రెసిన్‌కు అందాల్సిన మోతాదును చదరపు సెంటీమీటరుకు ఇన్ని జూల్స్ అని కొలుస్తాం. లైటు తీవ్రతను, అంటే చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీవాట్లు అనే అంకెను, సెకన్లతో గుణిస్తే అది వస్తుంది. 1000 మిల్లీవాట్లు 20 సెకన్లపాటు పడితే 20 జూల్స్. చాలా కాంపోజిట్లలో 2 మి.మీ. పొరకు 16 జూల్స్ వరకు కావాలని పట్టుకుంటే పెద్దగా తప్పు పోరు. అయితే బ్రాండును బట్టి, షేడును (రంగు ఛాయను) బట్టి ఇది మారుతుంది కాబట్టి డబ్బాలోని కాగితంలో రాసిందే ప్రమాణం.

ఇప్పుడు మీ 1200 దగ్గరికి వద్దాం. ఆ అంకె లైటు కొనకు ఆనించి కొలిచినది. మీ బాక్సు అడుగు కస్పు (పన్ను మీది మొన) కొన నుంచి 6 మి.మీ. దాటి ఉండటం మామూలే. కొన్ని లైట్ల వెలుతురు దూరం పోయేకొద్దీ పెద్దగా చెదరదు. కొన్నింటిది 8 మి.మీ. వెళ్లేసరికి సగానికి పడిపోతుంది. మీది రెండో రకమైతే అడుగుకు చేరేది 600. 20 సెకన్లకు 12 జూల్స్. కొన కాస్త వాలినా, బుగ్గ అడ్డొచ్చి కొన కస్పు మీద ఆనక ఎత్తున నిలిచినా ఇంకా తగ్గుతుంది. పైగా పన్ను చుట్టూ కట్టే స్టీలు మ్యాట్రిక్స్ బ్యాండు, దాన్ని బిగించే వెడ్జు, పక్క పన్ను వేసే నీడ ఉండనే ఉంది.

ఇంకో సంగతి కూడా చూడండి. 500 మిల్లీవాట్ల మొత్తం శక్తి ఉన్న లైటుకు 8 మి.మీ. కొన ఉంటే తీవ్రత సుమారు 1000 అవుతుంది. అదే శక్తిని 6 మి.మీ. కొనలోంచి పంపితే సుమారు 1770 అని రాసుకోవచ్చు. 10 మి.మీ. కొన అయితే 640. శక్తి మారలేదు, కొన ఇరుకైంది అంతే. కింది మొదటి దవడ పన్ను ముందు నుంచి వెనక్కి 11 మి.మీ. దాకా ఉంటుంది. 6 మి.మీ. కొనను మధ్యలో పెట్టి వదిలేస్తే రెండు చివర్లలోని బాక్సులకు అందేది అంచు వెలుతురే. మీ ఫిల్లింగులు విడిపోతున్నదీ అక్కడే.

చేయాల్సింది ఇది. అడుగున మొదటి పొరను 1 మి.మీ. మించకుండా పెట్టి, కొనను సరిగ్గా బాక్సు మీదికి జరిపి 40 సెకన్లు వేయండి. కాంపోజిట్‌ను పన్నుకు అతికించే బాండింగు కూడా అదే లోతులో ఉంది కనుక దానికీ రాసిన సమయానికి రెట్టింపు ఇవ్వండి. కాంపోజిట్ మీద అంత శ్రద్ధ పెట్టి బాండింగును 5 సెకన్లలో ముగించేవాళ్లు చాలామంది ఉన్నారు, అంచు మొదట విడిపోయేది అక్కడే. తర్వాతి పొరలు 2 మి.మీ. లోపు. పని అయ్యాక బ్యాండు తీసేసి బుగ్గ వైపు నుంచి 20, నాలుక వైపు నుంచి 20 సెకన్లు వేయండి. ఈ చివరి రెండూ వదిలేస్తే బ్యాండు చాటున ఉన్న రెసిన్ అలాగే ఉండిపోతుంది. లైటు వేసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోకండి. నారింజ అద్దంలోంచి చూస్తూ, ఇంకో వేలితో కొనను ఆసరాగా పట్టుకోండి. చూడకుండా పట్టుకున్న లైటు 20 సెకన్లలో తప్పకుండా పక్కకు జరుగుతుంది.

నెపమంతా లైటు మీదే వేయడం కూడా సరికాదు. చిగురు అంచున లాలాజలమో రక్తమో చేరితే ఎంత లైటు వేసినా బంధం కుదరదు. ఆ లోతున రబ్బర్ డ్యామ్ (పన్నుకు తడి తగలకుండా కట్టే రబ్బరు తెర) కట్టడం కుదరని పన్నుకు, అక్కడి వరకు గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు వేసి పైన కాంపోజిట్ పెట్టడం మంచి దారి.

ప్రశ్న: నాలుగు రోజుల కింద దవడ పన్నుకు తెల్ల సిమెంటు పెట్టించినాను. డాక్టరమ్మ నీలం లైటు వేసింది. ఇప్పుడు చల్లనీళ్లు తాగితే జివ్వుమంటాంది, గట్టివి నమిలితే నొప్పి. లైటు సరిగా పడలేదంటారా? ఇంట్లో ఉండంగా అదే గట్టిపడుతుందా?
– ఒక గృహిణి, ఆదోని

జవాబు: కుర్చీలో ఉన్నప్పుడే ఫిల్లింగు గట్టిపడాలమ్మా. లైటు ఆపిన తర్వాత కూడా లోపల కొంత పని సాగి 24 గంటల్లో ఇంకాస్త బలపడుతుంది. కానీ లైటు అసలు తగలని చోటు ఇంటికి వెళ్లాక తనంతట తాను గట్టిపడదు.

చల్లదనానికి జివ్వుమని వెంటనే తగ్గిపోతే చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. నమిలితే నొప్పి అంటున్నారు కదా, ముందుగా అనుమానించాల్సింది ఫిల్లింగు కొంచెం ఎత్తుగా ఉండటం. రంగు కాగితం కొరికించి ఎత్తు తగ్గిస్తే ఆ నొప్పి పోతుంది, అయిదు నిమిషాల పని. వెళ్లి చూపించుకోండి. రాత్రిపూట నిద్రలేపేంత నొప్పి, వేడి తగిలితే ఎక్కువయ్యే నొప్పి, ముఖం వాపు ఉంటే మాత్రం ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

ప్రశ్న: మా ప్రాంతంలో ఫ్లోరైడు మచ్చల పళ్లతో వచ్చే యువత ఎక్కువ. ముందు పళ్లకు కాంపోజిట్ వినీర్లు (పన్ను ముందుభాగాన్ని కప్పే పలుచని పొరలు) చేస్తున్నాను. మామూలు ఏ2, ఏ3 షేడ్లు బాగానే నిలుస్తున్నాయి. బాగా తెల్లని బ్లీచ్ షేడ్లు, మచ్చ కప్పే ఓపేక్ వాడినప్పుడు మాత్రం పాలిష్ చేస్తుంటే మెత్తగా తగులుతున్నాయి, కొన్ని పెచ్చులుగా ఊడుతున్నాయి. లైటు అదే, సమయం అదే.
– ఒక దంతవైద్యురాలు, అనంతపురం

జవాబు: మీ లైటు బహుశా ఒకే రంగు నీలం ఇచ్చే ఎల్ఈడీ. మీరు వాడుతున్న బ్లీచ్ షేడుకు ఆ నీలం ఒక్కటే సరిపోకపోవచ్చు.

క్యాంఫర్‌క్వినోన్ స్వతహాగా పసుపు. తెల్లటి బ్లీచ్ షేడులో అది ఎక్కువగా ఉంటే రంగు చెడుతుంది. అందుకే కొందరు తయారీదారులు దాన్ని తగ్గించి టీపీఓ వంటి వేరే ఇనీషియేటరును (గట్టిపడే పనిని మొదలుపెట్టే పదార్థాన్ని) కలుపుతారు. టీపీఓ పీల్చుకునేది ఊదా వెలుతురును, సుమారు 420 నానోమీటర్ల లోపు. ఒకే రంగు ఎల్ఈడీ ఇచ్చేది చాలావరకు 430 నుంచి 480 మధ్య. అంటే ఆ కాంపోజిట్‌లో ఒక భాగానికి మీ లైటు కనబడనే కనబడదు. పాత హాలోజెన్ లైట్లలో ఈ చిక్కు తక్కువ, వాటి వెలుతురు 400 నుంచి 500 దాకా వెడల్పుగా పరుచుకుంటుంది. ఇప్పుడు నీలం, ఊదా రెండు రకాల చిప్పులున్న పాలీవేవ్ ఎల్ఈడీలు వస్తున్నాయి. ముందు పళ్ల పని ఎక్కువగా చేసే మీలాంటివారికి ఆ లైటు మీద పెట్టే డబ్బు వృథా కాదు. కొనేటప్పుడు కాగితంలో తరంగదైర్ఘ్యం 385 నుంచి 515 వరకు, లేదా దానికి దగ్గరగా ఉందో లేదో చూడండి. "అన్ని కాంపోజిట్లకూ పనిచేస్తుంది" అనే మాట ఒక్కటే రాసి అంకె రాయకపోతే కొనకండి. అయితే అన్ని బ్లీచ్ షేడ్లలోనూ టీపీఓ ఉండదు. మీ కాంపోజిట్ కాగితంలో ఇనీషియేటరు పేరు గానీ, కావాల్సిన తరంగదైర్ఘ్యం గానీ ఉందేమో వెతకండి. చాలామంది ఆ కాగితం విప్పకుండానే పడేస్తారు.

పాలీవేవ్ లైటులోనూ జాగ్రత్త ఒకటుంది. ఊదా వెలుతురు రెసిన్‌లో నీలమంత లోతుకు పోదు, గాజు రేణువులకు తగిలి త్వరగా చెదిరిపోతుంది. చిప్పులు కొనలో వేర్వేరు మూలల్లో ఉండటం వల్ల ఒక పక్క ఊదా ఎక్కువ, ఇంకో పక్క నీలం ఎక్కువ పడుతుంది. అందుకని వినీరు మీద 20 సెకన్లు వేశాక కొనను కొంచెం తిప్పి మరో 20 సెకన్లు వేయండి.

ఓపేక్ సంగతి వేరు. మచ్చను కప్పేది ఏదైనా వెలుతురును కూడా కప్పుతుంది. ఓపేక్‌ను అర మిల్లీమీటరు పొరలుగానే పెట్టి ఒక్కో పొరకు 40 సెకన్లు ఇవ్వాలి. గోధుమ మచ్చ ముదురుగా ఉందని ఒకేసారి మిల్లీమీటరు మందం పూస్తే పైన బిగుసుకుని కింద బంకలా ఉంటుంది. మీరు చెప్పిన పెచ్చులు ఊడటం సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

మీ కేసుల్లో బ్లీచింగు కూడా చేస్తున్నారేమో రాయలేదు. చేస్తుంటే ఆ రోజే, ఆ వారమే కాంపోజిట్ పెట్టకండి. బ్లీచింగు మందులోని పెరాక్సైడు నుంచి వచ్చిన ఆక్సిజన్ ఎనామెల్‌లో (పన్ను పైపెంకులో) నిలిచి ఉండి రెసిన్ ముడిపడకుండా అడ్డుకుంటుంది. రెండు వారాలు ఆగితే ఆ అడ్డు తొలగుతుంది, పన్ను రంగు కూడా కుదుటపడుతుంది కాబట్టి షేడు సరిగా దొరుకుతుంది.

ఎచింగు (ఆమ్లంతో పన్నును గరుకు చేయడం) గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఊడిన పెచ్చు కింద ఎనామెల్ నున్నగా మెరుస్తుంటే తప్పు లైటుది కాదు. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామెల్ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు. సన్న డైమండ్ బర్‌తో పైపొరను తేలిగ్గా గీకి, 37 శాతం ఫాస్ఫోరిక్ ఆమ్లాన్ని మామూలు 15–30 సెకన్లకు బదులు, మచ్చలు తీవ్రంగా ఉన్నచోట 60 సెకన్ల దాకా ఉంచండి. ఇది ఎనామెల్‌కు మాత్రమే. ఎనామెల్ కింది డెంటిన్ తేలినచోట 15 సెకన్లు దాటకూడదు. కడిగి ఆరబెట్టాక సుద్దలా తెల్లగా కనిపిస్తేనే బాండింగుకు వెళ్లండి.

షేడు ఎంచేటప్పుడు చిన్న ముద్దను ఎచింగు చేయని పన్ను మీద పెట్టి లైటు వేసి చూడండి. గట్టిపడేటప్పుడు క్యాంఫర్‌క్వినోన్ పసుపు కొంత విరిగిపోతుంది, అందుకే సిరంజిలో కనిపించిన రంగు నోట్లో కనిపించదు.

ఒక మాట ఆ పిల్లల తల్లిదండ్రులకు కూడా చెప్పండి. ఈ మచ్చలు పన్ను మొలవకముందు, ఎనామెల్ ఏర్పడే వయసులో, ముందు పళ్లకైతే తొలి అయిదారేళ్లలోనే పడతాయి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడే 1.5 వరకు అనుమతించాలని భారతీయ ప్రమాణం. ఇంట్లో చిన్న పిల్లలుంటే బోరు నీటిని పరీక్ష చేయించడం వినీరుకన్నా ముందు చేయాల్సిన పని.

ప్రశ్న: నేను డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంటును. లైటు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? దాన్ని ఎలా శుభ్రం చేయాలి? సార్‌ను అడిగితే "వెలుగుతోంది కదా" అంటారు.
– గుంతకల్లు నుంచి

జవాబు: వెలగడం వేరు, చాలినంత వెలగడం వేరు. కంటికి ఆ తేడా తెలియదు. 1000 మిల్లీవాట్లయినా 400 మిల్లీవాట్లయినా ఒకేలా మిరుమిట్లు గొలుపుతుంది. మీరు ఈ ప్రశ్న వేయడమే ఆ క్లినిక్‌కు మేలు.

రోజూ ఉదయం మొదటి పేషెంటుకు ముందు కొనను లైటు ఆపి ఎదురుగా చూడండి. ఎండిన కాంపోజిట్ మరక అంటుకుని ఉంటుంది. ఇదే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం. ప్లాస్టిక్ పరికరంతో మెల్లగా గీకి, స్పిరిట్ గుడ్డతో తుడవండి. బ్లేడు పెట్టకండి, గీతలు పడతాయి. వెలుతురును కొనదాకా తెచ్చే గాజు గైడును ఆటోక్లేవ్‌లో పెట్టేటట్లయితే డిస్టిల్డ్ వాటరే వాడాలి. మామూలు నీటి ఉప్పు తెల్లపొరలా కొన మీద పేరుకుంటుంది, మన బోరు నీటికి అది మరీ తొందరగా పడుతుంది. గైడు అంచున గాజు విరిగి ఉంటే మార్పించాల్సిందే.

కొనకు తొడిగే ప్లాస్టిక్ కవరు పేషెంటు పేషెంటుకూ మారాలి. కవరు అతుకు కొన ముందుకు రాకుండా, ముడతలు లేకుండా బిగించండి. కవరు తొడిగినప్పుడు, తీసినప్పుడు రెండుసార్లూ కొలిచి చూడండి. తేడా ఎక్కువుంటే ఆ రకం కవరు మానేయాలి.

లైటు తీవ్రతను కొలవడానికి రేడియోమీటరు అనే మీటరు కావాలి. చవక రేడియోమీటరు చెప్పే అంకె అసలు విలువ కాకపోవచ్చు, రెండు కంపెనీల మీటర్లు ఒకే లైటుకు రెండు అంకెలు చూపిస్తాయి. అయినా అది పనికొస్తుంది, ఎప్పుడూ అదే మీటరు, అదే లైటు, అదే కొన అయితే. లైటు కొత్తగా ఉన్నప్పుడు వచ్చిన అంకెను గోడ మీద రాసిపెట్టండి. వారానికోసారి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడొకసారి, సాయంత్రం బ్యాటరీ తగ్గాక ఒకసారి కొలిచి పుస్తకంలో రాయండి. మొదటి అంకెలో అయిదో వంతు తగ్గితే కొన శుభ్రం చేసి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గే ఉంటే సర్వీసుకు పంపాలి. సాయంత్రం మాత్రమే తగ్గుతుంటే తప్పు బ్యాటరీది. ఇంకా హాలోజెన్ లైటే ఉంటే బల్బుతోపాటు లోపలి అద్దం, ఫిల్టరు కూడా పాడవుతాయి. బల్బు ఆయుష్షు వంద గంటల లోపే. కరెంటు వోల్టేజీ పడిపోతే వెలుతురూ పడిపోతుంది.

మీటరు లేకపోతే గీకి చూసే పరీక్ష ఉంది. కాంపోజిట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4049లో, ఎంత లోతుకు గట్టిపడిందో కొలిచే పద్ధతి ఇదే, మీ క్లినిక్‌లో చేయగలిగినట్టు చెబుతున్నాను. లేత్ షాపులో 6 మి.మీ. మందం స్టీలు ముక్కకు 4 మి.మీ. రంధ్రం వేయించండి. లోపల వాసెలిన్ పలుచగా రాయండి. గాజు పలక మీద మైలార్ స్ట్రిప్ (పలుచని పారదర్శక ప్లాస్టిక్ పట్టీ), దాని మీద ముక్క పెట్టి, రంధ్రం నిండా కాంపోజిట్ గాలి బుడగలు లేకుండా కూరండి. పైన ఇంకో స్ట్రిప్ పరిచి కొనను ఆనించి మీరు రోజూ వేసినన్ని సెకన్లే వేయండి. మూడు నిమిషాలాగి బయటికి నెట్టి, కింది వైపు మెత్తగా ఉన్నదంతా ప్లాస్టిక్ స్పాచులాతో గీకేయండి. మిగిలిన గట్టి ముక్క పొడవును కొలిచి సగం చేయండి. 4.4 మి.మీ. మిగిలితే లోతు 2.2 మి.మీ. అన్నమాట. సగం ఎందుకంటే, గీకుడుకు ఆగినంత మాత్రాన ఆ చివరి భాగం నోట్లో నిలిచేంత గట్టిపడినట్టు కాదు. ప్లాస్టిక్ స్ట్రాలో చేస్తే పక్కల నుంచి కూడా వెలుతురు దూరి లోతు ఎక్కువ చూపిస్తుంది, అందుకే స్టీలు. ఒకేసారి 4 మి.మీ. మందంగా పెట్టే బల్క్ ఫిల్ కాంపోజిట్‌ను పరీక్షించాలంటే ముక్క మందం 10 మి.మీ. ఉండాలి.

ఆ ముక్కను మీ సార్ చేతిలో పెట్టండి. మాటకన్నా అది త్వరగా పనిచేస్తుంది.

ప్రశ్న: ఎండాకాలంలో మా దగ్గర కాంపోజిట్ సిరంజిలోనే బిగుసుకుపోతోంది. ఫ్రిజ్‌లో పెడితే పిండటానికి రావట్లేదు. పన్నులో పెట్టి సర్దేలోపే గట్టిపడుతోందని కూడా అనిపిస్తోంది.
– ఒక దంతవైద్యుడు, కడప

జవాబు: ఇవి రెండు వేర్వేరు కష్టాలు. మొదటిది వేడి వల్ల. చాలా కాంపోజిట్ల మీద 25 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది. మే నెలలో మూసిన క్లినిక్ గదిలో ఆదివారమంతా ఉన్న సిరంజికి ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఇనీషియేటరు, బాండింగు సీసాలోని ద్రావకం రెండూ చెడతాయి. కొరియర్‌లో ఎండన పడి వచ్చిన పెట్టెను కూడా అదే లెక్కలో చూడండి. వేసవిలో ఎక్కువ సరుకు తెప్పించుకోవద్దు.

ఫ్రిజ్‌లో పెట్టడం సరైనదే, అయితే వాడే ముందు ఒక గంట బయట ఉంచండి. చల్లటి రెసిన్ చిక్కగా ఉండి గోడలకు అంటదు, పైగా అణువులు కదలలేక తక్కువగా ముడిపడుతుంది. మూత వెంటనే తీస్తే మీద తేమ పడుతుంది. ఉదయం క్లినిక్ తెరవగానే ఆ రోజుకు కావాల్సిన సిరంజిలు బయట పెట్టుకోవడమే సులువు.

రెండోది కుర్చీ మీది లైటు వల్ల. తెల్ల ఎల్ఈడీ ఆపరేటింగ్ లైటులో నీలం చాలానే ఉంటుంది. చెక్కుతూ కూర్చున్నంతసేపూ అది క్యూర్ చేస్తూనే ఉంటుంది. సగం బిగిసిన రెసిన్‌ను నొక్కితే పొరల మధ్య సందులు పడతాయి. లైటుకు పసుపు లేదా నారింజ మోడ్ ఉంటే అది వేయండి, లేకుంటే పక్కకు తిప్పండి. ప్యాడ్ మీదికి పిండిన ముద్దను నారింజ మూత కింద ఉంచండి. కిటికీ పక్కన ట్రే పెట్టకండి.

ప్రశ్న: ఒక్క సెకనులో, మూడు సెకన్లలో క్యూర్ చేస్తుందని ఒక లైటు చూపిస్తున్నారు. రోజుకు ఇరవై ఫిల్లింగులు చేసే నాకు సమయం కలిసొస్తుంది. కొనవచ్చా?
– ప్రొద్దుటూరు

జవాబు: 2500 మిల్లీవాట్లు ఒక సెకను అంటే 2.5 జూల్స్. 3000 మిల్లీవాట్లు మూడు సెకన్లంటే 9. పైన చెప్పిన 16 జూల్స్‌తో పోల్చి చూడండి. తీవ్రతను పెంచి సమయాన్ని అదే నిష్పత్తిలో తగ్గిస్తే ఫలితం ఒకటే వస్తుందనేది కూడా అన్ని రెసిన్లకూ వర్తించదు. ఒక్కసారిగా పుట్టిన రాడికల్స్ గొలుసులను పొడిగించకుండా ఒకదాన్నొకటి ముగించుకుంటాయి. మూడు సెకన్ల కోసమే తయారైన కాంపోజిట్లు కొన్ని ఉన్నాయి, వాటితో, వాటికి చెప్పిన లైటుతోనే ఆ పద్ధతి. మీ అల్మారాలో ఉన్న మామూలు కాంపోజిట్‌తో వద్దు. లైటు బాగుంటే కొనండి, 1000–1200 మోడ్‌లో పూర్తి సమయం వాడండి. సమయం కలిసిరావాలంటే మంచి బల్క్ ఫిల్ వైపు చూడండి. అది ఎక్కువ పారదర్శకంగా ఉండటం వల్ల 4 మి.మీ. పొర ఒకేసారి పెట్టవచ్చు. పల్చని ఫ్లో రకమైతే పైన 2 మి.మీ. మామూలు కాంపోజిట్ కప్పాలి.

ప్రశ్న: లైటు ముందు మెల్లగా, తర్వాత పూర్తిగా వెలిగే సాఫ్ట్ స్టార్ట్ మోడ్ వాడితే కాంపోజిట్ కుంచించుకుపోవడం తగ్గుతుందా? లైటు వేడికి నరం దెబ్బతింటుందా?
– బీడీఎస్ విద్యార్థిని, కడప

జవాబు: కుంచించుకునే మొత్తం పెద్దగా తగ్గదు. మామూలు కాంపోజిట్ ఘనపరిమాణంలో 2–3 శాతం, పల్చటి ఫ్లో ఇంకా ఎక్కువ కుంచించుకుంటాయి. ముందు మెల్లగా వేస్తే రెసిన్ కొంతసేపు కదిలే స్థితిలో ఉండి గోడల మీద లాగుడు కాస్త తగ్గే వీలుంది. అంతకన్నా ఆశించకండి. సాఫ్ట్ స్టార్ట్‌లో పోయిన మోతాదును చివర్లో పూడ్చకపోతే తగ్గిన లాగుడు నిజానికి సరిగా క్యూర్ కాకపోవడమే. పొరను వాలుగా, ఎదురెదురు గోడలకు ఒకేసారి తగలకుండా పెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది. పన్ను నమిలే ముఖం మీది క్లాస్ 1 గుంతలో అయిదు గోడలకు అంటి ఒక్క ముఖమే ఖాళీగా ఉంటుంది, అక్కడే లాగుడు ఎక్కువ.

వేడి విషయంలో మీ భయం న్యాయమైనదే. 1965లో జాక్, కోహెన్ కోతుల పళ్ల మీద చేసిన ప్రయోగంలో పల్ప్ (పన్ను లోపలి నరం భాగం) ఉష్ణోగ్రత 5.5 డిగ్రీలు పెరిగితే సుమారు 15 శాతం పళ్లలో పల్ప్ కోలుకోలేదు. కాంపోజిట్ ఏమీ లేకుండా, పలుచని డెంటిన్ మీద బాండింగుకు లైటు వేసే క్షణమే ఎక్కువ ప్రమాదం. లోతైన గుంతలో అడుగున రక్షణ పొరగా లైనరు వేయండి, 10 సెకన్లు వేసి రెండు మూడు సెకన్లాగి మళ్లీ వేయండి, పక్క నుంచి గాలి ఊదుతుండండి. చిగురు మీద, పెదవి మీద కొన ఆనితే కాలుతుంది, రబ్బర్ డ్యామ్ కింద కూడా.

పైన జిగటగా మిగిలే పొరను చూసి చాలామంది విద్యార్థులు క్యూర్ కాలేదనుకుంటారు. గాలిలోని ఆక్సిజన్ పై కొద్ది మైక్రాన్లను ముడిపడనివ్వదు. తర్వాతి పొర అంటుకోవడానికి అది పనికొస్తుంది. చివరి పొర మీద గ్లిజరిన్ జెల్ పూసి మరోసారి 20 సెకన్లు వేసి, కడిగి పాలిష్ చేయండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల పాపకు ఫిల్లింగు చేస్తూ ఆ లైటు వేస్తే ఎక్స్‌రే లాంటిదేమో అని భయమేసింది.
– తాడిపత్రి

జవాబు: కాదమ్మా. అది కంటికి కనిపించే నీలం వెలుతురే. జాగ్రత్త పడాల్సింది కంటికి. సుమారు 440 నానోమీటర్ల నీలం రెటీనాకు హాని చేస్తుంది, ఎదురుగా చూడకూడదు. పాపకు నారింజ కళ్లద్దాలు పెట్టమని అడగండి, పక్కన నిలబడ్డ మీరు కూడా అటు చూడకండి. మామూలు చలువ కళ్లద్దాలు దీనికి సరిపోవు. శుక్లాల ఆపరేషన్‌లో లెన్సు పెట్టని పెద్దలు, వాడుతుంటే ఒంటికి ఎండ సరిపడని రకం మందులు తీసుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

ప్రశ్న: వారం క్రితం తాత్కాలిక సిమెంటు పెట్టి పంపిన పన్నుకు కాంపోజిట్ వేస్తే అడుగున బంకలా ఉండిపోయింది. లైటు కొత్తదే.
– ఒక దంతవైద్యుడు, కర్నూలు

జవాబు: ఆ తాత్కాలిక సిమెంటులో లవంగ నూనె వాసన ఉందా? ఉంటే అందులోని యూజినాల్ రాడికల్స్‌ను పట్టేసుకుంటుంది, కొత్త లైటు కూడా ఏమీ చేయలేదు. ఇప్పుడున్న కాంపోజిట్ పూర్తిగా తీసేయండి. గోడలను బర్‌తో అర మిల్లీమీటరు తాజా పరిచి, ప్యూమిస్‌తో రుద్ది, విడిగా ఆమ్లంతో ఎచింగు చేసి కడిగి మళ్లీ మొదలుపెట్టండి. విడిగా ఆమ్లం పెట్టి కడగనక్కర్లేని సెల్ఫ్ ఎచ్ బాండింగు ఈ పన్నుకు వద్దు, అది పైన ఉన్న మురికిని కడిగేయకుండా తనలోనే కలుపుకుంటుంది. ఇకమీదట కాంపోజిట్ వేయబోయే పళ్లకు యూజినాల్ లేని తాత్కాలిక సిమెంటే పెట్టి, ఏది పెట్టారో కేసు షీటులో రాసుకోండి.